పెనుమూడి రేవు, పాటల పెట్టె

రేపల్లె రైలుకు చివరి స్టేషను. తెనాలి నుంచి వచ్చే బండికి అక్కడితో పట్టాలు అయిపోతాయి. మనిషికి మాత్రం ప్రయాణం అయిపోదు. ఇంకాస్త తూర్పుకు పోతే పెనుమూడి, పెనుమూడి దాటితే కృష్ణ, కృష్ణ దాటితే దివిసీమ.

మా చిన్నతనంలో ఆ చివరి మజిలీ పడవది. అవతలి ఒడ్డున పెళ్లయినా, చావయినా, కోడెదూడ బేరమైనా పెనుమూడి రేవుకు వచ్చి పడవవాడి దయ కోసం నిలబడవలసిందే. ఇప్పుడు ఇటు పెనుమూడికీ అటు పులిగడ్డకూ మధ్య వారధి ఉన్నది. కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే జాతీయ రహదారి దాని మీదుగానే సాగుతుంది. ఒకనాడు పూటంతా పట్టిన దారిని జనం కిళ్లీ నమిలేలోగా దాటేస్తున్నారు. 2016 కృష్ణా పుష్కరాలకు ఈ రేవులో వేలమంది మునిగారు. మామూలు రోజుల్లో మాత్రం మెట్ల మీద ఇద్దరు ముసలివాళ్లూ, నీళ్లలో నాలుగు గేదెలూ తప్ప ఎవరూ కనిపించరు.

ఆ ఊళ్లో మా తాతగారి ఇల్లు ఇంకా నిలబడి ఉన్నది. అందులో మా మేనత్త ఒక్కతే ఉంటున్నది. మొన్న సంక్రాంతి ముందు ఫోను చేసి, "ఒరే అబ్బాయ్, మీ మామయ్య పాటల పెట్టెకు చెద పట్టేట్టున్నదిరా. నేను పోయాక ఎవరో పాతసామాన్ల వాడికి వేస్తారు. నేనుండగానే దాన్ని ఒక దారికి తీసుకురా," అన్నది. హైదరాబాదులో పని వదులుకొని రాలేనని చెబుదామనుకున్నాను. కాని మా అత్తయ్య ఏదైనా అడగడం నాకు జ్ఞాపకమున్నంతలో అదే మొదటిసారి.

మంచం కింద నుంచి పెట్టెను బయటికి లాగి చూస్తే నా గుండె జారింది. పై చెక్క పొరలు పొరలుగా లేచింది. మూత బందులు వంగి, మూత ఒక పక్కకు ఒరిగింది. మెరుపన్నది లేదు. అడుగు నుంచి జానెడు ఎత్తున చుట్టూ ఒక తెల్లని పట్టీ, ఆ పట్టీ అంచున నల్లని గీత. మూత లోపలి వైపున మాత్రం గొట్టం ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ చెక్కుచెదరలేదు.

ఆ కుక్క కథ చాలామందికి తెలియదు. ఫ్రాన్సిస్ బారౌడ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు మొదట దాన్ని ఫోనోగ్రాఫు ముందు కూర్చోబెట్టాడు. ఫోనోగ్రాఫు ఎడిసన్ 1877లో కనిపెట్టిన యంత్రం. అందులో పాట గుండ్రని స్తంభం మీద ఉండేది. పళ్లెం మీద పాట ఎక్కించే గ్రామఫోను తరువాత బెర్లినర్ తెచ్చినది. ఆ గ్రామఫోను కంపెనీ వాళ్లు బొమ్మను కొంటామని, అయితే యంత్రాన్ని మార్చాలని అన్నారు. 1899లో బారౌడ్ పాత యంత్రం మీద రంగు పూసి కొత్త యంత్రం వేశాడు. కుక్క కదలలేదు; దాని ముందు యంత్రమే మారింది. మా అత్తయ్యకు ఈ భేదాలతో పని లేదు. ఆమెకు అది పాటల పెట్టె.

రేపల్లె నుంచి పెద్ద మేస్త్రి ఒకాయన్ని పిలిపించాను. ఆయన చిత్రిక, ఉలి సంచిలోంచి తీయనే లేదు. పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలితో తట్టి చూసి, "బాబుగారూ, ఇది వట్టి పెట్టె కాదండి. సన్నాయికి గొట్టం ఎట్లాగో దీనికి ఈ పెట్టె అట్లాగ," అన్నాడు.

నిజమే. పైకి పువ్వులాంటి గొట్టం ఉన్న యంత్రాల్లో పాట ఆ గొట్టంలోంచి వస్తుంది. ఈ రకంలో గొట్టం పెట్టె కడుపులోనే ఉంటుంది. ముల్లు పళ్లెం గాడిలో వణికితే, ఆ వణుకు అభ్రకపు రేకుకు చేరి, అక్కడి నుంచి చెక్క గొట్టంలోకి దిగి, ముందు తలుపుల్లోంచి పాటై బయటికి వస్తుంది. అతుకు ఒక్కటి వదులైనా పాటతోపాటు పెట్టె కూడా ఝుమ్మని మూలుగుతుంది. అందుకే మోటారు స్ప్రింగును తెనాలిలో గడియారాల మేస్త్రి ఒక్క పూటలో బాగుచేసి ఇచ్చినా, పెట్టెకు మాత్రం పదకొండు రోజులు పట్టింది.

నేను తెలివిగా ఉప్పుకాగితం కొనుక్కొచ్చాను. మేస్త్రి నవ్వాడు. "పైన కనిపించే ఓకు చెక్క తమలపాకంత మందం కూడా ఉండదండి. కింద ఉన్నది మామూలు చెక్క. మీరు ఉప్పుకాగితంతో రుద్దితే మధ్యాహ్నానికల్లా లోపలిది బయటపడుతుంది," అన్నాడు. లేచిన పొరల కింద సరేసు పూయించాడు. సరేసు తోలూ ఎముకలూ ఉడికించి తీసే జిగురు. వేడికీ తడికీ కరుగుతుంది, చల్లబడితే బిగుస్తుంది. ఈ పెట్టె ఊడిపోవడానికి కారణం అదే, మళ్లీ అతకడానికి వీలు కలిగిందీ అందువల్లనే. కొత్తకాలపు జిగురయితే ఊడినచోట పాత పొర పైకి లేచి రాక విరిగిపోయేదట. పొరలు అంటించి, పైన కాగితం, పలక పెట్టి, తాళ్లతో బిగించి రెండు రోజులు నీడన ఉంచాడు.

తరువాత మెరుపు. దూదిని బట్టలో చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ఒక మూల అద్ది చూపించాడు. పాత మెరుపు వేలికి అంటుకున్నది. "చూశారా, లక్క. కొత్తది పూయక్కర్లేదు; ఉన్నదాన్నే కరిగించి మళ్లీ పరవచ్చు." ఏటికొప్పాక బొమ్మ మెరిసేది లక్కతోనే. గాజులకు పూసేదీ లక్కే. విదేశం నుంచి వచ్చిందనుకున్న ఆ పెట్టె మీది మెరుపు కూడా మన అడవుల్లో లక్కపురుగు చెట్టుకొమ్మకు పెట్టిన బంకే.

అంతలో నేను ఇంకో తెలివైన పని చేయబోయాను. అత్తయ్య దగ్గర మిగిలింది ఒకే ఒక్క రికార్డు. గాడుల నిండా ఎండిన ఒండ్రు. అదే స్పిరిట్‌తో తుడుద్దామని చెయ్యి చాచాను. మేస్త్రి నా మణికట్టు పట్టుకున్నాడు. "అదీ లక్కేనండి! తుడిచారంటే పాట బట్టకు వచ్చేస్తుంది."

ఆ పాతకాలపు రికార్డులన్నీ లక్కలో రాతిపొడి, మసి కలిపి అచ్చు వేసినవే. నిమిషానికి 78 చుట్లు తిరిగి, మూడు నిమిషాలు పాడి ఊరుకునే ఆ పళ్లేలు మన దేశంలో 1960ల చివరిదాకా తయారయ్యాయి. మా ప్రాంతంలో వాటికి నాటకాలే ప్రాణం. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామ గొంతు, ఈలపాట రఘురామయ్య పద్యం రంగస్థలం చూడని పల్లెలకు కూడా ఈ పెట్టెల్లోనే చేరాయి. ఆ రికార్డును మంచినీళ్లతో, ఒక చుక్క సబ్బుతో, చంటిపిల్లకు పోసినట్టు మెల్లగా కడిగాము.

పదో రోజుకు పెట్టె తేనెరంగులో వెలిగింది. చుట్టూ ఉన్న తెల్లని పట్టీ స్పిరిట్ తగిలేసరికి మాయమైంది. అది లక్కలోకి దిగిన తడి మాత్రమేనట. నల్లని గీత మాత్రం పోలేదు. అది చెక్కలోకే దిగిపోయింది. ఓకు చెక్కలో వగరు ఉంటుంది. ఆ వగరుకు తడీ ఇనుమూ తగిలితే నలుపు పుడుతుంది. మన పెద్దలు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసుకున్న కిటుకు కూడా ఇదే.

"దీనికి ఒక ఆమ్లం ఉందండి. రెండుసార్లు పూస్తే గీత తెల్లబడుతుంది. పూయమంటారా?" అన్నాడు మేస్త్రి.

"పూయండి మరి. ఇంత చేసి మచ్చ ఉంచుతామా?" అన్నాను.

వాకిట్లో బియ్యం ఏరుతున్న అత్తయ్య చేట కింద పెట్టింది.

"అబ్బాయ్, ఆ పెట్టె ఎక్కడుండేదో నీకు తెలుసా?"

తెలియదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచిందనీ, కోడూరు వైపున అత్తయ్య వాళ్ల ఊరు పోయిందనీ, మామయ్య దొరకలేదనీ తెలుసు. కొద్దిరోజుల తరువాత ఇద్దరు పిల్లలతో, ఈ పెట్టెతో ఆమె పడవ దిగినప్పుడు నేను రేవులోనే ఉన్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆమె పెట్టె ఎందుకు తెచ్చుకున్నదో అడగాలని ఎవరికీ తోచలేదు. తరువాత అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"అటక మీద ఉండేదిరా. మీ మామయ్య మమ్మల్ని అటకెక్కించి, పశువుల పలుపులు కోసి వస్తానని దిగాడు. నీళ్లు అటక మీదికీ వచ్చాయి. పిల్లలిద్దర్నీ ఆ పెట్టె మీద కూర్చోబెట్టి, తెల్లారేదాకా పట్టుకు నిలబడ్డాను. అక్కడిదాకా వచ్చి ఆగాయి."

వంగిన బందులు నాకు అప్పుడు అర్థమయ్యాయి. ఆ ఇంటి అటక ఎంత ఎత్తో నేను లెక్కవేసుకోలేకపోయాను.

మేస్త్రి ఆమ్లం సీసా సంచిలో పెట్టేశాడు. కొంచెం ఆగి, గొంతు తగ్గించి అడిగాడు: "అమ్మా, మరి ఆ గీత మీద పాలిష్ వేయనా, మానేయనా?"

"వెయ్యి నాయనా," అన్నది అత్తయ్య. "చెరిగిపోకుండా వెయ్యి."

మరునాటి సాయంత్రం కీ ఇచ్చి, కొత్త ముల్లు బిగించి రికార్డు పెట్టాము. మొదట వాన పడుతున్నట్టు చప్పుడు, ఆ చప్పుట్లోంచి పద్యం. మధ్యలో ఒక గాడి దగ్గర గొంతు తడబడింది, తేరుకుని ముందుకు పోయింది. పెట్టె మూలగలేదు. మేస్త్రి తన చెవి పెట్టె పక్కకు ఆనించి, తృప్తిగా తల ఊపాడు. అత్తయ్య గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని మూడు నిమిషాలు విన్నది. అయిపోగానే తనే లేచి మూత దించింది. కొత్త బందుల మీద అది చప్పుడు లేకుండా దిగింది.

"మీ మామయ్య రెండోసారి పెట్టనిచ్చేవాడు కాదు," అన్నది. "ముల్లు అరిగిపోతుందనేవాడు."

పెట్టె ఇప్పుడు మంచం కింద లేదు. ముందు గదిలో, బల్ల మీద, గీత నలుగురికీ కనిపించేటట్టు ఉన్నది. మీరు ఎప్పుడైనా పెనుమూడి వారధి మీదుగా పోతే, నడుమ ఒక్క నిమిషం ఆగి, కింద కృష్ణ ఎంత నెమ్మదిగా పోతున్నదో చూడండి.