తెలిసిన కథే... అయినా తెల్లారేదాకా!

సారంగధరుడి కథ తెలియనివాళ్లెవరు? సవతితల్లి చిత్రాంగి మోహిస్తుంది. అతను కాదంటాడు. ఆమె నింద వేస్తుంది. తండ్రి రాజరాజ నరేంద్రుడు కొడుకు కాళ్లూ చేతులూ నరికిస్తాడు. అంతా తెలిసిందే. అయినా కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో చిందు యక్షగానం వాళ్లు ఈ ఆట కడితే జనం తెల్లారేదాకా కదిలేవారు కాదు. ముగింపు తెలిశాక ఇక ఉత్కంఠ ఎక్కడిది?

కథ చెప్పే వరసలో ఉంది. చిత్రాంగికి పెళ్లికి ముందు చూపించింది కొడుకు పటం, పెళ్లాడింది తండ్రి. ఈ సంగతి చూసేవాళ్లకు ముందే తెలుస్తుంది. రాజు వేటకు వెళ్తాడు. ఆ తర్వాతే సారంగధరుడు పావురాల ఆట మొదలుపెడతాడు. పావురం ఎగిరిపోయి చిత్రాంగి మేడ మీదే వాలుతుంది. స్నేహితుడు సుబుద్ధి 'వెళ్లొద్దు' అని బతిమాలతాడు. అతను వినడు. మేడ మెట్లెక్కుతుంటే ముందు కూర్చున్న అవ్వల నోట 'పోకు బిడ్డా' అన్న మాట వచ్చేస్తుంది. అదే చిత్రాంగి మనసు మేడలోకి వెళ్లాకే బయటపడిందనుకోండి... జనం ఒక్కసారి ఉలిక్కిపడతారు, అంతే.

ఇలాంటి కథనే క్రీ.పూ. 428లో ఏథెన్స్‌లో యూరిపిడిస్ 'హిప్పోలిటస్' పేరుతో ఆడించాడు. అక్కడా సవతితల్లే, నిందే, తండ్రి కోపమే. తెర లేస్తూనే అఫ్రొడైటీ దేవత వచ్చి, ఈ కుర్రాడికి ఇదే ఆఖరి రోజని చెప్పేస్తుంది! వెంటనే అతను మిత్రులతో పాడుతూ వస్తాడు. ఆ దేవతకు దణ్ణం పెట్టమని ముసలి సేవకుడు హెచ్చరిస్తాడు. ఇతనూ వినడు. గ్రీకుల సుబుద్ధి అన్నమాట!

సోఫోక్లీస్ మరో దారి పట్టాడు. 'ఈడిపస్' మొదలయ్యేసరికే తండ్రి హత్య, తల్లితో పెళ్లి జరిగిపోయాయి. హంతకుణ్ని పట్టుకుంటానని రాజే విచారణ మొదలుపెడతాడు. ఊరట కలిగించాలని చెప్పే ప్రతి మాటా అతణ్ని నిజానికి ఇంకో అడుగు దగ్గర చేస్తుంది.

రాత్రంతా సాగే ఆటకు ఉత్సవ వేదికల మీద అరగంటే ఇస్తే కళాకారులు ఏం తీసేయాలి? నిందనూ శిక్షనూ తీసేయలేరు. కోత పడేది పావురం వెంట పరుగుకీ, సుబుద్ధి బతిమాలడానికీ. కథ మొత్తం వినిపిస్తుంది కానీ, 'పోకు బిడ్డా' అనుకునే వ్యవధి మాత్రం చూసేవాళ్లకు ఉండదు.