పేరు తెలిసిన గాయం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తొమ్మిదో తరగతి మొదలు పన్నెండో తరగతి వరకు సాగే నాలుగేళ్ల చదువును హైస్కూలు చదువంటారు. అక్కడి విద్యార్థులు గణితం, చరిత్ర, ఆంగ్ల సాహిత్యం వంటి తప్పనిసరి పాఠ్యాంశాలతోపాటు తమ అభిరుచికి తగిన ఐచ్ఛికాంశాలను కూడా ఎన్నుకొంటారు. సంగీతం, నాటకం, వడ్రంగం వంటివాటి సరసన అనేక పాఠశాలల్లో మరో రెండు కనిపిస్తాయి. ఒకటి క్రీడావైద్యం, రెండోది వైద్య పరిభాష. పదహారేళ్ల పిల్లలకు రోగాల పేర్లు వల్లెవేయించడమేమిటి, చీలమండకు కట్టు కట్టడం నేర్పడమేమిటి అని తెలుగునాట ఎవరైనా ఆశ్చర్యపడవచ్చు. ఇక్కడ బై.పి.సి. చదివే విద్యార్థి మనిషి మోకాలిని బొమ్మలో చూస్తాడు. దానిని చేతితో పట్టి పరీక్షించే అవకాశం వైద్య కళాశాలలో అడుగుపెట్టేదాకా రాదు. అక్కడ ఆ అనుభవం డాక్టరు కాదలచినవారికీ, ఆ ఊహే లేనివారికీ కూడా ముందుగానే లభిస్తుంది.

ఈ రెండు పాఠ్యాంశాలనూ చాలాచోట్ల ఒకే వ్యక్తి బోధించడం విశేషం. ఆ వ్యక్తిని అథ్లెటిక్ ట్రైనర్ అంటారు. పేరును బట్టి వ్యాయామ శిక్షకుడనుకోరాదు. ఆట నేర్పేవాడు కోచ్. ఆటలో దెబ్బలు తగలకుండా చూడడం, తగిలితే గుర్తించడం, ప్రథమచికిత్స చేయడం, ఆటగాడు కోలుకొనేదాకా వెన్నంటి ఉండడం అథ్లెటిక్ ట్రైనర్ బాధ్యత. వీరి జాతీయ సంఘం 1950లో కాన్సాస్ సిటీలో ఏర్పడింది. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వీరి పనిని వైద్యానుబంధ వృత్తిగా గుర్తించింది. ఉదయం తరగతి గదిలో పాఠం చెప్పిన మనిషే సాయంత్రం భుజాన సంచి తగిలించుకొని మైదానం గట్టున నిలబడతాడు. పొద్దున చెప్పిన పాఠానికి సాయంత్రమే పరీక్ష ఎదురయ్యే గురువులు లోకంలో తక్కువ.

పరిభాష తరగతిలో మొదటి వారం పిల్లలకు భయంగానే గడుస్తుంది. ఆస్టియోఆర్థ్రైటిస్, ఆర్థ్రోస్కోపీ వంటి మాటలు నాలుక తిరగనివ్వవు. వాటిని బట్టీ పట్టవద్దని, విడగొట్టమని గురువు చెబుతాడు. 'ఆర్థ్రో' అంటే కీలు. 'ఐటిస్' అంటే వాపు, మంట. 'స్కోపీ' అంటే లోపలికి చూడడం. 'ఆల్జియా' అంటే నొప్పి. ఈ ముక్కలలో అధికభాగం గ్రీకు, లాటిన్ భాషలవి. కొన్ని వందల ముక్కలు పట్టుబడితే, మునుపు వినని వేలమాటల అర్థాన్ని ఊహించవచ్చు. సమాసానికి విగ్రహవాక్యం చెప్పడం నేర్చిన తెలుగు విద్యార్థికి ఇది కొత్త పని కాదు.

సంధి కూడా అక్కడ ఉంది. ఆర్థ్రో, స్కోపీ కలిస్తే ఆర్థ్రోస్కోపీ అవుతుంది. మధ్యనున్న ఓకారం నిలుస్తుంది. అదే ఓకారానికి ఐటిస్ వంటి అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం పరమైతే, ఓకారం జారిపోయి ఆర్థ్రైటిస్ మిగులుతుంది. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినప్పుడు ఉకారానికి పట్టిన గతే దానికీ పట్టింది. అయితే రెండు ధాతువుల నడుమ వచ్చినప్పుడు మాత్రం, ఎదుట అచ్చు ఉన్నా ఓకారం కదలదు. ఆస్టియోఆర్థ్రైటిస్‌లో 'ఆస్టియో' చివర అది అలాగే ఉండిపోయింది. వ్యాకరణం ఎక్కడిదైనా అపవాదసూత్రం లేకుండా బతకదు కాబోలు.

ఇంకా దగ్గరి చుట్టరికం వ్యతిరేకార్థంలో కనిపిస్తుంది. గ్రీకులో లేమిని తెలిపే ఉపసర్గ హల్లు ముందు 'అ' అని, అచ్చు ముందు 'అన్' అని ఉంటుంది. మాట పడిపోతే అఫేసియా, ప్రాణవాయువు అందకపోతే అనాక్సియా. సంస్కృతంలోని నఞ్ తత్పురుష సమాసానికీ ఇదే నియమం. అధర్మంలో 'అ', అనారోగ్యంలో 'అన్'. ఇది యాదృచ్ఛికం కాదు. గ్రీకు, లాటిన్, సంస్కృతాలు ఒకే భాషాకుటుంబానికి చెందినవి. అందుకే గ్రీకు 'ఆస్టియాన్', సంస్కృత 'అస్థి' రెండూ ఎముకకే పేర్లు. 'హైపర్' పక్కన 'ఉపరి', 'పెరి' పక్కన 'పరి', 'డిస్' పక్కన 'దుస్' పెట్టి చూస్తే పోలిక తెలుస్తుంది. మోకాలిని లాటిన్‌లో 'జెను' అంటారు, సంస్కృతంలో 'జాను' అంటారు. తెలుగు ద్రావిడ భాషే అయినా ఆ సంస్కృతపదాలను తనలో కలుపుకొంది. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఈ తరగతిలో కూర్చున్న తెలుగింటి పిల్లకు, శ్రీరాముడు ఆజానుబాహుడని నాయనమ్మ చెప్పిన మాట గుర్తుంటే, ఆ ఒక్క పదం ఆమెకు అప్పటికే సగం వచ్చినట్లు.

దేహంలోని భాగాలకు ప్రాచీనులు పెట్టిన పేర్లలో పాండిత్యం కంటే ఇంటి సామాను ఎక్కువ. పిక్క ముందరి ఎముక 'టిబియా', అంటే పిల్లనగ్రోవి. మెడ కింది ఎముక 'క్లావికిల్', అంటే చిన్న తాళంచెవి. తొడ ఎముక తల అమరే గుంట 'అసిటాబులం', అంటే సిర్కా పోసుకొనే గిన్నె. వెన్ను చివరి ఎముక 'కాక్సిక్స్'కు కోకిల ముక్కు పోలిక. కండరాన్ని తెలిపే 'మజిల్' అనే మాటకు మూలార్థం చిట్టెలుక. చర్మం కింద కండ కదిలితే ఎలుక పరుగెత్తినట్లు తోచి ఉంటుంది. ఇక 'పటెల్లా' అంటే చిన్న పళ్లెం. తెలుగువారు ఆ ఎముకను మోకాలి చిప్ప అన్నారు. రోములో ఒకరు, తెలుగు పల్లెలో మరొకరు, ఒకరి మాట ఒకరు వినకుండానే ఒకే ఎముకలో ఒకే పాత్రను చూశారు. ఇటువంటి కథ చెప్పి పేరు నేర్పితే విద్యార్థి మరచిపోడు.

గాయాలను విడదీసి పేర్లు పెట్టడం కొత్తగా పుట్టిన విద్య కాదు. సుశ్రుతుడు ఎముకల దెబ్బలను రెండుగా విభజించి, కీలు తొలగడంలో ఆరు విధాలను, ఎముక విరగడంలో పన్నెండు విధాలను చెప్పాడు. వ్యాయామం శక్తిలో సగం మేరకే చేయాలని కూడా ఆయన హెచ్చరించాడు. క్రీ.శ. 157లో పెర్గమమ్ నగరంలో గ్లాడియేటర్లకు వైద్యుడిగా నియమితుడైన గాలెన్, వారి గాయాల నుండే దేహనిర్మాణం ఎంతో నేర్చుకొన్నాడు. పేరు వేరైతే చికిత్స వేరు. తరగతిలో పిల్లలు అబ్డక్షన్, అడక్షన్ అనే రెండు మాటల దగ్గర తడబడతారు. మొదటిది అవయవాన్ని దేహమధ్యం నుండి దూరంగా జరపడం. రెండోది దగ్గరికి తేవడం. వినికిడిలో పొరపడతారని గురువులు మొదటి రెండు అక్షరాలను విడివిడిగా పలుకుతారు. హైపర్, హైపోల మధ్య పొరపాటు మరీ ప్రమాదకరం. మధుమేహం గల ఆటగాడు తూలి పడినప్పుడు, రక్తంలో చక్కెర పెరిగిందో తగ్గిందో చెప్పే తేడా అంతా ఆ ఒక్క ఉపసర్గలోనే ఉంటుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ అనేది బంతిని ప్రధానంగా చేతపట్టి, ఎదుటివారిని ఢీకొంటూ ముందుకు సాగే ఆట. ఆ మైదానాల్లో తలకు దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మితే, వాడికి గంట మోగిందని నవ్వుతూ అనడం చాలాకాలం వాడుక. ఆ మాటలో అపాయం ధ్వనించదు. గంట మోగినవాడు కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ ఆటలోకి వెళ్లేవాడు. వైద్యులు దానినే కంకషన్ అంటారు; లాటిన్‌లో దాని మూలార్థం గట్టిగా కుదపడం. ఆ పేరు వినగానే పుర్రెలో మెదడు కదిలిందన్న స్పృహ కలుగుతుంది. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ల బాలుడికి ఆటలో తల నేలకు కొట్టుకొంది. కొద్దిసేపు ఆగి అతడు మళ్లీ ఆడాడు. ఆట ముగిశాక కుప్పకూలాడు. మెదడుకు అత్యవసర శస్త్రచికిత్స జరిగింది. తిరిగి మాట రావడానికే నెలలు పట్టింది. 2009 మే నెలలో ఆ రాష్ట్రం అతడి పేర ఒక చట్టం చేసింది. కంకషన్ అనే అనుమానం కలిగితే చాలు, విద్యార్థిని ఆట నుండి తప్పించాలి. తగిన శిక్షణ గల వైద్యసిబ్బంది రాతపూర్వకంగా అనుమతించేదాకా తిరిగి ఆడించరాదు. 2014 నాటికి యాభై రాష్ట్రాలూ ఇటువంటి చట్టాలు చేసుకొన్నాయి. ఇప్పుడు క్రీడావైద్యం తరగతిలో విద్యార్థి నేర్చే తొలి విషయాల్లో ఇది ఒకటి. స్పృహ తప్పకపోయినా కంకషన్ కావచ్చు. తిరిగి ఆటలోకి రావడానికి ఆరు మెట్లున్నాయి, మెట్టుకూ మెట్టుకూ నడుమ కనీసం ఒక రోజు గడవాలి.

ఎండదెబ్బ విషయంలోనూ పేరు ముఖ్యమే. తెలుగులో వడదెబ్బ అనే ఒక్క మాట నీరసానికీ వర్తిస్తుంది, మరణానికీ వర్తిస్తుంది. ఈ తరగతుల్లో ఎండలో కండరాలు పట్టేయడం, ఎండకు సొమ్మసిల్లడం, హీట్ స్ట్రోక్ అని వేరువేరుగా నేర్పుతారు. దేహం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మాట తడబడి, మనిషి తికమకపడుతుంటే అది మూడోది. అప్పుడు అంబులెన్సు కోసం చేతులు కట్టుకొని ఎదురుచూడరాదు. చల్లని నీటి తొట్టిలో దేహాన్ని ముంచి, అరగంటలోపు వేడి దించాలి. ఆసుపత్రికి తరలించడం ఆ తరువాతి పని. 2001 ఆగస్టు 1న మిన్నెసోటా వైకింగ్స్ జట్టు ఆటగాడు కోరీ స్ట్రింగర్ సాధన వేళ తగిలిన హీట్ స్ట్రోక్‌తో మరణించాడు. ఆయన పేర 2010లో కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో నెలకొన్న సంస్థ ఈ పద్ధతిని పాఠశాలలకు చేరవేస్తోంది.

చేతిపని విషయానికొస్తే, పిల్లలు ఒకరి కాలికి ఒకరు టేపు చుడుతూ గంటలు గడుపుతారు. ముడత పడితే బొబ్బలెక్కుతాయి. మరీ బిగిస్తే రక్తం ఆడదు. అందుకే కట్టు పూర్తికాగానే కాలివేలి గోటిని నొక్కి వదలుతారు. తెల్లబడిన గోరు రెండు క్షణాల్లో తిరిగి ఎర్రబడాలి. అది బెణుకో, విరుగుడో తేల్చడానికి ఒటావా వైద్యులు 1992లో ప్రకటించిన నియమాలను నేర్పుతారు. దెబ్బతిన్నవాడు నాలుగడుగులు వేయగలడా అనే సామాన్యమైన ప్రశ్న వాటిలో ఒకటి.

నేర్పిన పాఠం మారిపోవడం కూడా ఈ విద్యలో ఉంది. బెణికినచోట విశ్రాంతి, మంచు, బిగింపుకట్టు, ఎత్తులో ఉంచడం అనే నాలుగు సూత్రాలను గేబ్ మిర్కిన్ అనే వైద్యుడు 1978లో ప్రచారంలోకి తెచ్చాడు. ఆ నాలుగింటి ఆంగ్ల తొలి అక్షరాలు కలిస్తే 'రైస్' అనే మాట ఏర్పడుతుంది. ఒక తరం విద్యార్థులంతా దానిని వల్లించారు. 2014లో, మంచు గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని మిర్కినే తన మాటను సవరించుకొన్నాడు. నొప్పి తగ్గడానికి మంచు వాడకం నేటికీ ఉంది. పూర్తి విశ్రాంతి కంటే తగుమాత్రం కదలిక మేలనే అభిప్రాయం బలపడింది. నిరుడు నేర్పినదాన్ని ఈ ఏడు సవరించి చెప్పవలసిన గురువుకు ఇబ్బందే. అయినా పాఠ్యపుస్తకం కూడా పాతబడుతుందని పిల్లలు పదహారో ఏటనే తెలుసుకోవడం మంచిదే.

ఈ ఏర్పాటులో లోపం లేకపోలేదు. అథ్లెటిక్ ట్రైనర్ లేని పాఠశాలలు నేటికీ ఉన్నాయి. అటువంటిచోట నాలుగు పాఠాలు విన్న విద్యార్థి చేతికి సంచి ఇచ్చి మైదానానికి పంపితే అది అన్యాయం. విద్యార్థి పెద్దల కనుసన్నల్లో సాయపడవచ్చు. గాయాన్ని నిర్ధారించరాదు, ఎవరినీ ఆటలోకి తిరిగి పంపరాదు. మంచి గురువులు తొలిరోజే ఈ గీత గీస్తారు. విద్యార్థి చేయగలిగినదీ, చేయవలసినదీ చూసినదాన్ని సరైన మాటల్లో వెంటనే చెప్పడం.

2023 జనవరి 2న సిన్సినాటి నగరంలో ఆడుతూ బఫెలో బిల్స్ జట్టు ఆటగాడు డామర్ హామ్లిన్ ఛాతీకి దెబ్బ తగిలి, లేచి నిలబడి, వెనువెంటనే వెల్లకిలా పడిపోయాడు. అథ్లెటిక్ ట్రైనర్ డెన్నీ కెల్లింగ్టన్ మైదానంలోనే ఛాతీని నొక్కుతూ సి.పి.ఆర్. చేశాడు. ఏ.ఇ.డి. అనే యంత్రంతో గుండెకు విద్యుదాఘాతమిచ్చారు. హామ్లిన్ బతికి, అదే ఏడాది తిరిగి ఆటలోకి వచ్చాడు. జబ్బేమీ లేని గుండె కూడా, లయలోని ఒకానొక క్షణంలో దెబ్బ తగిలితే ఆగిపోగలదు. దాని పేరు కమోషియో కార్డిస్. లాటిన్‌లో గుండె కలత అని అర్థం. ఆ మాట అప్పటివరకు పరిభాష పుస్తకాల్లో మరుగున ఉండేది. ఆ వారం దేశమంతా పలికింది.

ఆగస్టులో బడులు తెరిచే వేళకు ఫుట్‌బాల్ సాధన మండుటెండలో మొదలవుతుంది. పాఠశాల గట్టున నీటితొట్టి నింపి, మంచుగడ్డల పెట్టె పక్కన పెట్టి, ఏ.ఇ.డి. మీది చిన్న దీపం పచ్చగా వెలుగుతోందో లేదో చూసి, నోటుపుస్తకంలో వేళ రాసే పని కొన్నిచోట్ల క్రీడావైద్యం విద్యార్థి వంతు. అప్పటికింకా ఎవరూ పడలేదు. ఆ పిల్ల నీళ్లలో చేయిపెట్టి చల్లదనం చూస్తుంది, ఇంకో రెండు గడ్డలు వేస్తుంది, ఆటగాళ్ల నడకలను గమనిస్తూ నిలబడుతుంది.