చెవికి రెండున్నర రెట్లు

"చెవి ఆరంగుళాలు. అదొక్కటి గుర్తుపెట్టుకో చాలు, మిగతావన్నీ దాన్నిబట్టే చూసుకోవచ్చు" అంది ఆవిడ, గ్యారేజీ గోడకున్న పుర్రెను దించి నా ఒళ్ళో పెడుతూ. పుర్రెకు చెవులు లేవు. ఊహించుకోమంది.

అది 2023 ఆగస్టు. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఉత్తరాన, ఏడువేల అడుగుల ఎత్తున పైన్ చెట్ల మధ్య ఉండే ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఏడాది ఫెలోషిప్ మీద ఉన్నాను. ఆవిడ మా ఇంటి ఓనరు. రిటైరైన స్కూలు టీచరు. అరవయ్యారేళ్ళు. భర్త పోయి ఆరేళ్ళయింది. అక్కడ పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలవాలి. నాకు నోరు రాక మొదటి నెలంతా ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను.

ఆవిడకి ఆ ఏడు ప్రాంగ్‌హార్న్ 'ట్యాగ్' వచ్చింది. ట్యాగ్ అంటే ఒక్క జంతువుని, ఒక్క ప్రాంతంలో, ఒక్క సీజన్లో వేటాడడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి. ఏటా చలికాలంలో దరఖాస్తు పెట్టుకోవాలి, లాటరీ తీస్తారు. రాకపోతే ఒక బోనస్ పాయింటు జమ అవుతుంది. అయిదేళ్ళు విడవకుండా పెట్టినవాళ్ళకి విశ్వాసంగా ఉన్నందుకు ఇంకో పాయింటు, వేట శిక్షణ పూర్తి చేసినందుకు మరొకటి. అలా పదిహేడేళ్ళు ఆవిడకి రాలేదు. వచ్చిన రోజున కూడబెట్టిన పాయింట్లన్నీ పోతాయి, ఆ చివరి రెండే మిగుల్తాయి. మళ్ళీ అన్నేళ్ళు పడితే ఎనభై మూడేళ్ళ వయసులో తుపాకీ ఎత్తాలి. అందుకే ఆ ట్యాగుని ఏదో ఒక జంతువు మీద ఖర్చుపెట్టెయ్యకూడదు, మంచి 'ట్రోఫీ' చూసి మరీ కొట్టాలి అని వీధి వీధంతా ఆవిడకి చెప్పేవాళ్ళే. చెప్పినవాళ్ళందరూ మగవాళ్ళే అని నేను గమనించాను. ఆవిడ గమనించిందో లేదో తెలీదు.

ప్రాంగ్‌హార్న్‌ని అక్కడ అందరూ యాంటిలోప్ అనే అంటారు గానీ అది యాంటిలోప్ కాదు. మన కృష్ణజింకకి దగ్గర చుట్టమూ కాదు. బతికున్న వాటిలో దానికి దగ్గర బంధువులు జిరాఫీ, ఒకాపీ. కర్నూలులో చదివే రోజుల్లో రోళ్ళపాడు వెళ్ళి కృష్ణజింకల్ని చూసిన కళ్ళకి ఇవి కాస్త మొరటుగా, తల బరువుగా కనిపించాయి. కొమ్ము నల్లగా నిటారుగా లేచి, మధ్యలో ముందుకి ఒక చీలిక వేసి, కొన దగ్గర వెనక్కి కొక్కెంలా వంగుతుంది. లోపలి ఎముక శాశ్వతం. పైనున్న తొడుగు మాత్రం ఏటా ఊడిపోయి కొత్తది వస్తుంది. కొమ్ముకి తొడుగుండి, అదీ ఏటా రాలిపోయే జంతువు ప్రపంచంలో ఇదొక్కటే. అంటే ఎంత పెద్ద కొమ్మయినా ఒక్క ఏడాది పంట. ఆ ముందటి చలికాలం మంచు విపరీతంగా పడింది, వసంతంలో గడ్డి బాగా లేచింది, కాబట్టి ఈసారి కొమ్ములు బావుంటాయని ఆవిడ ఆశ.

ఇక కొలత. రికార్డులు రాసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్‌ని 1887లో థియోడర్ రూజ్వెల్ట్, జార్జ్ బర్డ్ గ్రినెల్ వంటివాళ్ళు పెట్టారు. ఇప్పుడున్న లెక్క 1950 నుంచి నడుస్తోంది. ఒక్కో కొమ్ము పొడవు, చీలిక పొడవు, మొదట్లోనూ ఆ తర్వాత పావు పావు దూరంలోనూ నాలుగుచోట్ల చుట్టుకొలత, అన్నీ అంగుళంలో ఎనిమిదో వంతు దాకా కొలిచి కూడతారు. రెండు కొమ్ములూ ఒకదానికొకటి సరిపోకపోతే ఆ తేడా తీసేస్తారు. 82 వస్తే పుస్తకంలో శాశ్వతంగా ఎక్కుతుంది. 2013లో న్యూమెక్సికోలో దొరికినదానికి తొంభై ఆరున్నర వచ్చింది. కొత్తవాళ్ళు పొడవు చూసి మోసపోతారట. మొత్తంలో సగం దాకా చుట్టుకొలతలే తెస్తాయి, కాబట్టి చూడాల్సింది లావు.

అయితే ఇదంతా చచ్చినదాన్ని కొలిచే పద్ధతి. బతికున్నదాన్ని, మూడువందల గజాల అవతల నిలకడ లేకుండా తిరిగేదాన్ని, ఎండకి అలలుగా కదిలే గాలిలోంచి చూసి చెప్పాలి. అందుకు దాని ఒంటిమీదే కొలబద్దలున్నాయి. చెవి ఆరంగుళాలు. కొమ్ము చెవికి రెండున్నర రెట్లుంటే పదిహేనంగుళాలు, అంటే మంచిది. చీలిక చెవి కొనకన్నా పైన మొదలైతే ఇంకా మంచిది. కన్ను సుమారు రెండంగుళాలు. పక్కనుంచి చూసినప్పుడు కొమ్ము మొదలు కంటికన్నా వెడల్పుగా కనిపించాలి. ఎదురుగా ఒకసారి, పక్కగా ఒకసారి, రెండువైపులా చూడనిదే అంకె చెప్పకూడదు.

నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయం మొత్తం తెలుగు నవలల్లో పెళ్ళిచూపుల మీద. చూసే చూపు ఎవరిది, చూడబడే శరీరం ఎవరిది, ఆ చూపు అధికారంగా ఎలా మారుతుంది అని డెబ్భై పేజీలు రాశాను. అందులో రాయనిది ఒకటుంది. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు మూడో సంబంధం వాళ్ళు వచ్చినప్పుడు, ఎత్తు తెలియడం కోసం నన్ను అబ్బాయి చెల్లెలి పక్కన నిలబెట్టారు. ఆ అమ్మాయి చెప్పులు విప్పి వచ్చి నుంచుంది, తను కూడా సిగ్గుపడుతూ. "మా చిన్నదానికంటే రెండంగుళాలు తక్కువేలే" అంది వాళ్ళ అత్తయ్య. దగ్గరున్నదాన్ని బట్టి దూరంగా ఉన్నదాన్ని అంచనా కట్టడం. గ్యారేజీలో పుర్రె ఒళ్ళో పెట్టుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. ఆవిడకి చెప్తే పగలబడి నవ్వింది. తర్వాత, "మరి నువ్వు ఎదురు చూశావా వాళ్ళని?" అని అడిగింది. చూశాను. ఆ అబ్బాయి చెవులు పెద్దవి.

సీజనుకి ముందు మూడు వారాంతాలు యాండర్సన్ మీసా మీద తిరిగాం. ఫ్లాగ్‌స్టాఫ్‌కి ఆగ్నేయంగా ఉండే పీఠభూమి అది. నల్లటి అగ్నిపర్వతపు రాళ్ళు, అడుగంటిన చెరువులు, జూనిపర్ చెట్లు, వెనక్కి తిరిగితే శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలు. ఆ ఏడు అక్కడి వానాకాలం మొహం చాటేసింది, ఎటు చూసినా దుమ్ము. మేకల్లా దూకలేక ముళ్ళకంచె కిందనుంచి దూరే ఈ జంతువుల కోసం చాలాచోట్ల అడుగు తీగని తీసేసి, నునుపు తీగ ఎత్తుగా కట్టారు. గంటకి ఎనభై తొంభై కిలోమీటర్లు పరిగెత్తే ప్రాణి కంచె దగ్గర మోకాళ్ళ మీద పాకుతుంది.

పని విభజన ఇది. ఆవిడ స్కోప్‌లో చూసి చెప్తుంది, నేను నోట్‌బుక్‌లో రాస్తాను. ఆ నోట్‌బుక్ పాతది. 1998లో భర్తకి ట్యాగ్ వచ్చినప్పుడు ఆయన చూసి చెప్పినవి ఆవిడ రాసింది. ఆయన కొట్టినదానికి 79 చిల్లర వచ్చింది, నా ఒళ్ళో పెట్టిన పుర్రె అదే. పోయేదాకా ఆ తక్కువైన అంగుళాల గురించే మాట్లాడేవాడట.

రెండో వారానికి నేనూ చూడడం మొదలుపెట్టాను. మూడో వారానికి ఆవిడకన్నా ముందు అంకె చెప్పేదాన్ని. 71. 74, చీలిక పొట్టి. 68, వదిలెయ్. ఇది ఒప్పుకోవడం కష్టంగా ఉంది, కానీ నాకు చాలా ఆనందంగా ఉండేది. 'వదిలెయ్' అనే మాట నోట్లో ఎంత హాయిగా ఉంటుందో, అన్నవాళ్ళకే తెలుస్తుంది. డెబ్భై పేజీల్లో ఎక్కడా నేను చూసేవాడి సుఖం గురించి రాయలేదు. రాత్రి ఫోన్లో అమ్మకి చెప్తే, "మూగజీవాలే అవి, పాపం కదే" అంది. మా ఇంట్లో ప్రతి ఆదివారమూ మాంసం వండే మనిషి. తుపాకులూ తూటాల మీద 1937 నుంచి వేసే పన్నుతోనే అక్కడ వన్యప్రాణుల రక్షణకి డబ్బొస్తుందని, ఒకప్పుడు అంతరించిపోయే దశకి చేరిన ప్రాంగ్‌హార్న్ కోలుకోవడానికి అదీ ఒక కారణమని వాదించాను. అది నిజమే, కానీ నా సంతోషానికి దాంతో సంబంధం లేదు.

సెప్టెంబరు వాటి జత కలిసే కాలం. ఒక ఉదయం మా నోట్‌బుక్‌లో అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్న పోతుని చూస్తూ కూర్చున్నాం. దాని గుంపులో తొమ్మిది ఆడవి. అందులో ఒకటి ఉన్నట్టుండి విడిపోయి మైదానంలోకి పరుగు తీసింది. పోతు అడ్డం పడింది, అది వంపు తిరిగి తప్పించుకుంది. మళ్ళీ అడ్డం పడింది. మళ్ళీ తప్పించుకుంది. మూడోసారి పోతు ఆగిపోయి, ఏదో పనున్నట్టు నేల వాసన చూసింది. ఆ ఆడది తిన్నగా వెళ్ళి, మేము ఎప్పుడో 'వదిలెయ్' అనేసిన, ఒక చీలిక విరిగిన పోతు దగ్గర మేత మొదలుపెట్టింది. జాన్ బయర్స్ అనే శాస్త్రజ్ఞుడు మోంటానాలో ఈ ఆడజంతువుల్ని 1980ల నుంచి ఏళ్ళ తరబడి గమనించి రాసిన సంగతి తర్వాత చదివాను. జతకి ముందు అవి ఒక్కో పోతు దగ్గరికీ పోయి చూసి వస్తాయట. ఆ తిరుగుడుకి ఒంట్లో శక్తి బాగా ఖర్చవుతుంది. అయినా తిరుగుతాయి. అవి పరీక్షించేది సత్తువని, చురుకుని. అలా ఎంపికైనవాటికి పుట్టిన పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. ఇంత వేగం కూడా ఇప్పటి తోడేళ్ళ కోసం వచ్చింది కాదు, ఎప్పుడో అంతరించిన అమెరికన్ చీతాలాంటి జంతువుల వల్ల వచ్చిందంటాడు. ఆడవాటికి కొమ్ములున్నా చెవికంటే పొట్టిగా ఉంటాయి. వాటిని కొలిచేవాళ్ళెవరూ లేరు.

సీజను మొదలైన నాలుగో రోజు, పొద్దెక్కాక, జూనిపర్ చెట్ల అంచున ఒక పోతు ఒంటరిగా కనిపించింది. ఆవిడ రైఫిల్ దగ్గర ఉంది కాబట్టి స్కోప్ నాది. కొమ్ములు చెవుల మీద అలా లేచిపోతూనే ఉన్నాయి. రెండున్నర కాదు, ఇంకా ఎక్కువే. చీలిక చెవి కొనకి ఎంతో పైన. "ఎంత?" అంది. నేను ఒకవైపే చూశాను. తిరిగేదాకా ఆగమని చెప్పాలి. నాకు ఆ అంకె కావాలనిపించింది, అంతే. "82" అన్నాను.

అక్కడే పడింది. దగ్గరికి వెళ్తుంటేనే అర్థమైంది. వేటగాళ్ళకి దీనికో మాట ఉంది, నేల మీద కుంచించుకుపోవడం అని. వయసులో చిన్నది, ఒళ్ళు చిన్నది, చెవులూ చిన్నవే. ఆరంగుళాలు లేవు. చిన్న చెవుల పక్కన మామూలు కొమ్ములు కొండంత కనిపించాయి. అటువైపు చీలిక అంగుళం పైగా పొట్టి. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంది. నన్నేమీ అనలేదు. ఏదైనా అంటే బావుండునని నాకనిపించింది. మాంసం పాడవకుండా వేడిలోంచి త్వరగా తీసుకెళ్ళాలి, కాబట్టి ఇద్దరం పనిలో పడ్డాం. నా చేతులకి సేజ్ ఆకు వాసనా, నెత్తుటి వాసనా కలిసి పట్టింది.

ఆ సాయంత్రం గ్యారేజీలో సన్నటి ఉక్కు టేపుతో కొలిచాం. 76, ఒక అంగుళంలో ఎనిమిదికి మూడు. భర్త పుర్రె పైనుంచి చూస్తోంది. "మూడంగుళాలు ఆయనే నెగ్గాడు" అని నవ్వి, కాసేపాగి, నవ్వు తగ్గాక, "ఆయనైతే ఇంకో వారం తిరిగేవాడు" అంది. నేను సారీ చెప్పాను. "చూసింది నువ్వు, నమ్మింది నేను" అని నోట్‌బుక్ నా ముందుకి తోసింది. నేను రాసిన 82 పక్కనే అసలు అంకె రాయమంది, కొట్టెయ్యకుండా.

చలికాలంలో ఆ మాంసం అల్లం వెల్లుల్లి దట్టించి రెండుసార్లు వండాను. జనవరిలో ఆవిడ మళ్ళీ దరఖాస్తు నింపుతూ కూర్చుంది, మిగిలిన రెండు పాయింట్లతో. నన్నూ పెట్టమంది, బయటి దేశం వాళ్ళు కూడా పెట్టుకోవచ్చట. నా పెట్టెలు సర్దడం అప్పటికే మొదలైంది. వచ్చే ఏడు స్కోప్ దగ్గర ఎవరు కూర్చుంటారని అడిగాను. "నేనే చూసుకుంటా" అని, కళ్ళజోడు తుడుచుకుని, పుట్టినతేదీ గడిలో అంకెలు నింపడం మొదలుపెట్టింది.