భరిణె మూత బిగువు... ఉలి పదునులోనే!

విశాఖపట్నం నుంచి తుని వైపు జాతీయ రహదారిపై వెళ్తుంటే అడ్డరోడ్డు కూడలి వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే, వరాహ నది ఒడ్డున ఉంది ఏటికొప్పాక. లక్కబొమ్మల ఊరు! ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర వేడుకల్లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కొలువుదీరినవీ ఇవే.

మేం వెళ్లింది మాత్రం ఓ కుంకుమ భరిణె కోసం. అంతకుముందు ఓ బజారులో చవగ్గా కొన్న భరిణె మూత వదులై, సంచిలో కుంకుమంతా ఒలికి మా అమ్మాయి పట్టుచీర పాడైంది. ఈసారి తయారైనచోటే కొనాలనుకున్నాం.

మేం అడుగుపెట్టేసరికి ఓ పెద్దాయన లేత్ ఆపేసి, సానరాయి ముందు కూర్చున్నారు. ‘పని అయిపోయిందా బాబాయ్?’ అనడిగాను. ‘పని ఇదేనమ్మా. పదును పోతే ఉలి కర్రని కొయ్యదు, పీకుతాది’ అన్నారు నవ్వుతూ.

ఇక్కడి బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. మెత్తగా ఉంటుంది, సన్నని పోగు. లేత్ మీద గిర్రున తిరిగే ఆ కర్రకు ఉలి ఆనిస్తే చాలు... తెల్లటి పేళ్లు సుడులు తిరుగుతూ రాలతాయి. మొద్దుబారిన ఉలితో పేళ్లకు బదులు పొడి రాలుతుంది, పోగులు లేస్తాయి.

ఉలి ఒకటే కాదు. నునుపు చేయడానికి చదునుది, లోపల తొలవడానికి వంపు అంచుది, చివర్లో కర్ర నుంచి బొమ్మను విడదీయడానికి సన్ననిది. దేని అంచు వాలు దానిదే. కరెంటు సానచక్రం మీద తొందరపడితే అంచు కాగి నీలిరంగుకు తిరుగుతుంది. ఇనుము పదను చచ్చినట్లే! అందుకే మధ్యమధ్యలో నీళ్లలో ముంచాలి. తర్వాత తడి రాయి మీద నెమ్మదిగా నూరాలి. అంచు వెనక సన్నటి గరుకు లేచిందో లేదో పెద్దాయన బొటనవేలితోనే తెలుసుకున్నారు. ఆ గరుకునూ తీసేశాక గానీ మళ్లీ లేత్ తిప్పలేదు.

చెక్కడమయ్యాక లక్క కడ్డీ ఆనించారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి సహజరంగులు కలిపిన లక్క అది. లక్క పూస్తే లోపాలు దాగుతాయనుకునేదాన్ని. నిజానికి ఆ మెరుపులో ఉలి చేసిన ప్రతి గీతా బయటపడుతుంది!

భరిణె చేతికిచ్చి, ‘మూత పెట్టి చూడమ్మా’ అన్నారు. టక్కుమని పట్టేసింది. బాగా ఎండిన కర్ర, పదునైన ఉలి... రెండూ కుదిరితేనే ఆ బిగువు.

ధర చెప్పగానే అలవాటుగా ‘తగ్గించరా?’ అనబోయాను. సానరాయి మీద గడిచిన ఆ అరగంట గుర్తొచ్చి ఆగిపోయాను. కర్రకీ లక్కకీ అందరూ లెక్క కడతారు. ఆ అరగంటకు కట్టేదెవరు? అది గిట్టుబాటు కాకపోతే రేపు ఆయన పిల్లలు ఆ రాయి ముందు కూర్చుంటారా?

రైల్లో వచ్చేవాళ్లు నర్సీపట్నం రోడ్ స్టేషన్లో దిగొచ్చు. వెళ్తే బొమ్మలతోపాటు ఉలికి పదును పెట్టడమూ చూడండి. బేరం ఆడబుద్ధి కాదు!