పాత నావ – కొత్త మోటారు

తెలుగువారు నిత్యం పలికే 'మరమ్మతు', 'తయారు' అనే రెండు పదాలూ ఉర్దూ ద్వారా మన భాషలో స్థిరపడినవి. ఉన్నదానిని బాగుచేసుకోవడమా, తయారుగా ఉన్నదానిని కొనితెచ్చుకోవడమా అనే ప్రశ్న ప్రతి గృహస్థునికీ ఏదో ఒకనాడు ఎదురుకాక తప్పదు. నాకది ఒక చిన్న చెక్క పడవ రూపంలో ఎదురైంది.

మా నాన్నగారు జనగామలో గడియారాలు బాగుచేసి కుటుంబాన్ని పోషించారు. నా బాల్యంలో ఒకసారి మమ్ములను బయ్యారం చెరువుకు తీసుకొని వెళ్ళారు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన ఆ చెరువు నేటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఇంటికి వచ్చిన పిదప ఆయన టేకు చెక్కను మూరెడు పొడవున తొలిచి పడవ చేశారు. పాడైన గోడ గడియారపు స్ప్రింగునూ, పళ్ళ చక్రాలనూ అందులో అమర్చారు. తాళంచెవి త్రిప్పితే అది నిమిషంసేపు నీటిపై సాగేది. ఆయన గతించిన కొన్నేళ్ళకు స్ప్రింగు తెగింది. పడవ బీరువా పైకెక్కింది.

"అబ్బా, ఇది ఎలాగూ నడవదు కదా! బజారులో రిమోటుతో నడిచే పడవ దొరుకుతుంది, కొనివ్వండి" అన్నాడు మా అబ్బాయి. పాతదానికే మోటారు బిగిద్దామన్నాను. మా అమ్మ మాత్రం, "మీ అబ్బా చేత్తో పెట్టిన చక్రాలు పెరికితే ఇక అందులో ఆయన పని ఏం మిగులుతుంది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

విద్యార్థి మిత్రులారా! నీటిపై విద్యుత్తు పయనం నిన్నటి ముచ్చట కాదు. 1838లో యాకోబీ అనే శాస్త్రజ్ఞుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో నేవా నదిపై, బ్యాటరీల శక్తితో ప్రయాణికులున్న పడవను నడిపించాడు. 1881లో పారిస్‌లో ట్రూవే పడవ వెనుక తగిలించి తీయగల మోటారును ప్రదర్శించాడు. 1898లో న్యూయార్క్‌లో టెస్లా చిన్న నావను తీగ లేకుండానే దూరం నుండి నడిపాడు. నేటి రిమోటు బొమ్మలకు అదే పూర్వజం. మన రైల్వేవారు సైతం వారణాసి కర్మాగారంలో పాత డీజిల్ ఇంజనును విద్యుత్ ఇంజనుగా మార్చారు; 2019లో ప్రధానమంత్రి దానికి పచ్చజెండా ఊపారు. అయితే ఆ తీరున మార్చినవి కొద్ది ఇంజన్లే. మరమ్మతుకూ ఒక హద్దు ఉన్నదని దీనివలన గ్రహించవచ్చును.

మార్పుకు ముందు చూడవలసినది చెక్క. అది పుచ్చిపోయి ఉంటే ఎంత మంచి మోటారూ వృథా. మాది టేకు గనుక చెడలేదు. తదుపరి లెక్క ఆర్కిమెడీస్ చెప్పినది: తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగించును. 45 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 4 లోతు గుణిస్తే 2,700 ఘన సెంటీమీటర్లు. కొనలు సన్నగిల్లుతాయి గనుక అందులో సగమే తీసుకుంటే 1,350 గ్రాములు. చెక్క, మోటారు, 6 వోల్టుల సీసపు బ్యాటరీ కలిపి 1,300 గ్రాములు తూగాయి. బ్యాటరీ ఒక్కటే ముప్పావు కిలో. దానిని అడుగున పెట్టకపోతే పడవ ఒరిగిపోవును. పెంబర్తికి చెందిన ఒక లోహశిల్పి ఇత్తడి రేకుతో పంఖా కత్తిరించి ఇచ్చాడు. ఇరుసు గొట్టంలో గ్రీజు నింపితే నీరు లోనికి రాదు. మోటారూ ఇరుసూ ఒకే వరుసలో లేకపోతే శక్తి రాపిడికే ఖర్చవుతుంది. రెంటినీ రబ్బరు గొట్టం ముక్కతో కలిపాము.

అమ్మ ప్రశ్నకు జవాబు పనిలోనే దొరికింది. చెక్కను ఎక్కడా కోయలేదు. నాన్నగారు వేసిన మేకుల రంధ్రాలలోనే ఒక పలక బిగించి, దానిపై మోటారు నిలిపాము. రేపు ఎవరైనా స్ప్రింగు సంపాదిస్తే గంటలో పూర్వస్థితికి తేవచ్చును. తీసిన చక్రాలనూ తాళంచెవినీ అమ్మ ఆయన పనిముట్ల పెట్టెలో దాచింది.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే, కొన్న పడవ వేగంగా పోతుంది, చెప్పిన వైపు తిరుగుతుంది, ఆ సాయంత్రమే ఆడుకోవచ్చును. మాది తిన్నగానే పోతుంది, దారం కట్టి వెనక్కు లాగాలి. ఎన్నో ఆదివారాలు పట్టింది. ఇది పొగలేని నావ అని గర్వించడానికీ వీలు లేదు. బ్యాటరీలో నింపే విద్యుత్తులో భూపాలపల్లి సమీపాన చెల్పూరులో బొగ్గు మండించి చేసినదీ ఉండవచ్చును. కానీ కొన్న బొమ్మ చెడితే మా అబ్బాయి కొత్తది అడిగేవాడు. దీనిలో తీగ ఊడితే తానే టంకం వేస్తున్నాడు; తాతగారి చక్రాలకు ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టి చెబుతున్నాడు.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. విజ్ఞాన ప్రదర్శనలో కొనితెచ్చిన నమూనాల ప్రక్కన, విద్యార్థుల ఇండ్లలో మూలపడిన వస్తువుల కొరకు ఒక బల్ల వేయించండి. దానిపై ఒక స్క్రూడ్రైవరు, ఒక టంకపు కడ్డీ ఉంటే చాలును. మిగిలినది పిల్లలు ఇంటినుండి తెచ్చుకుంటారు.