ఎచెరా... అంటే ఇంటికి!

అతని జేబులో ఓ చిన్న నోటుబుక్కు ఉంటుంది. రోజుకో పేజీ. పొద్దున ఎక్కడ బయల్దేరాడు, రాత్రికి ఎక్కడ ఆగాడు, ఎన్ని కిలోమీటర్లు తొక్కాడు... అంతే. మనుషుల ఊసే ఉండదు. బాస్క్ కొండల్లో మూడోరోజు పేజీ మాత్రం అలా లేదు. కిలోమీటర్లు రాసేచోట ఖాళీ. దాని కింద నాలుగే మాటలు, తెలుగు అక్షరాల్లో: ఎచెయా, ఎచెయాన్, ఎచెతిక్, ఎచెరా.

అతనిది గుంటూరు జిల్లాలో ఓ పల్లె. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఇంజినీరు. నలభై దాటాక డాక్టరు ఒళ్లు వంచమంటే సైకిలు కొన్నాడు. అదే వ్యసనమైంది. ఏటా ఓ వారం సెలవు పెట్టడం, సైకిలుకి రెండు సంచులు కట్టుకుని ఎటో వెళ్లిపోవడం. ఆ అక్టోబరులో బాస్క్ సీమకు బయల్దేరాడు. పిరెనీస్ పర్వతాలు పడమటి కొసన సముద్రంవైపు వాలేచోట, స్పెయిన్‌లో ఎక్కువ భాగం, ఫ్రాన్స్‌లో కాస్త... అలా పరుచుకున్న పచ్చటి నేల అది.

బయల్దేరే ముందు ఆదివారం ఇంట్లో ఎప్పుడూ జరిగేదే మళ్లీ జరిగింది. ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేశాడు. పక్కనే పన్నెండేళ్ల కూతురు. నాయనమ్మ తెలుగులో అడుగుతుంది. మనవరాలు ఫ్రెంచిలో జవాబిస్తుంది. మధ్యలో ఇతను దుబాసీ! ‘‘నువ్వు చెప్పేది కాదురా, దాని నోటితో వినాలనుంది’’ అంది అమ్మ. నవ్వేసి ఫోన్ పెట్టేశాడు. ఆ మాట మాత్రం సంచుల్లో బట్టలతోపాటు వచ్చింది.

బుధవారం సంత

రెండు రోజులు సముద్రతీరం వెంట తొక్కి, మూడోరోజు సాన్ సెబాస్టియన్‌లో సైకిలుతో సహా లోకల్ రైలెక్కి ఒర్దిసియాలో దిగాడు. బుధవారం. ఆ ఊరి సంత రోజు. 1512లో రాచ అనుమతి పొందిన సంత అది. ఊరి నడిమధ్య, పెద్దపెద్ద స్తంభాలమీద నిలబడ్డ కప్పు కింద కూరగాయలు, తేనె, వాల్‌నట్లు, అన్నిటికీ మించి ఇదియాసబల్ చీజ్. లాచా అనే పొడుగు బొచ్చు గొర్రెల పాలతో చేస్తారు. పాలు కాచరు. కనీసం 60 రోజులు మాగబెడతారు. వెనకటి రోజుల్లో కాపరుల గుడిసెలకు పొగగొట్టాలు ఉండేవి కావు. పొయ్యి పొగంతా పైన ఆరబెట్టిన చీజ్‌కు పట్టేది. ఆ పొగ వాసనే జనానికి రుచి మరిగింది. ఇప్పటికీ కొన్నిటికి కావాలనే పొగ పెడతారు. కూతురికోసం ఓ ముక్క కొని సంచిలో పెట్టుకున్నాడు.

సైకిలంటే ఇక్కడివాళ్లకు ప్రాణం. ఐబార్ పట్టణంలో తుపాకులు చేసిన కార్ఖానాలే తర్వాత సైకిళ్లు చేయడం నేర్చుకున్నాయి. ఓర్బియా కంపెనీ 1840లో అక్కడ తుపాకులతోనే మొదలైంది. 2023లో టూర్ డి ఫ్రాన్స్ పందెం బాస్క్ నగరమైన బిల్బావోనుంచే బయల్దేరింది. అందుకేనేమో, రెండు సంచులతో రొప్పుతూ వెళ్తున్న పరాయి మనిషిని చూసినా రోడ్డు పక్కన వాళ్లు ‘‘అవుపా!’’ అని కేకేస్తారు. పలకరింపూ అదే, ‘తొక్కు, తొక్కు’ అనే ప్రోత్సాహమూ అదే.

దారి ఇంటిముందే ఆగింది

అతని లెక్క ప్రకారం ఆ సాయంత్రానికి లిసర్రుస్తి కనుమ దాటాలి. ఒర్దిసియాకంటే 400 మీటర్లకు పైగా ఎత్తు. లస్కావ్ దాటాక అతావున్ లోయ మొదలైంది. కొండవాలుల్లో విసిరేసినట్టు ఒక్కో ఇల్లు. బసెర్రి అంటారు వాటిని. రాతి గోడలు, వెడల్పాటి కప్పు. ఒకప్పుడు కింద పశువులు, మనుషులు, పైన గడ్డి... అందరికీ ఒకటే కప్పు. సన్నటి తుంపర మొదలైంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘సిరిమిరి’. పేరు ముద్దుగా ఉన్నా ఎముకల్లోకి దిగుతుంది.

కళ్లజోడుమీద నీళ్లు. మలుపు దగ్గర పొరపాటున పక్క దారి పట్టాడు. సిమెంటు బాట నిట్టనిలువుగా లేచింది. చిన్న గేరు వేశాడు. ఇంకా చిన్నది వేశాడు. చివరికి దిగి నెట్టుకుంటూ వెళ్లాడు. తీరా చూస్తే ఆ బాట ఓ ఇంటి వాకిట్లో ఆగిపోయింది. ముందుకు దారి లేదు!

గుమ్మానికి పెద్ద పొద్దుతిరుగుడంత ఎండిన ముళ్లపువ్వు. ఎగుస్కిలోరె... సూర్యపుష్పం. రాత్రిళ్లు దుష్టశక్తులు లోపలికి రాకుండా కాపలా కాస్తుందని నమ్మకం. మన గుమ్మడికాయలాగా! వసారాలో ఓ ముసలావిడ నల్లచిక్కుళ్లు ఒలుస్తోంది. పక్కన పద్నాలుగేళ్ల మనవరాలు. ఆవిడ ఏదో అంది. ఈ పిల్ల లోపలికెళ్లి తువ్వాలు, వేడి పాలు తెచ్చింది. నోట్లోంచి ఇంగ్లిషు వచ్చేసరికి ఇతనికి ప్రాణం లేచొచ్చింది.

తలుపుమీద రాతిలో చెక్కిన అక్షరాలేమిటని అడిగాడు. ఇంటి పేరట. ఇక్కడ ప్రతి బసెర్రికీ పేరుంటుంది. ఒకప్పుడు ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి పేరే మనుషులకూ వచ్చేది. ‘ఎచె’ అంటే ఇల్లు, ‘బెర్రి’ అంటే కొత్త. ఎచెబెర్రియా అంటే కొత్తింటివారు! మన దేశంలో ఎన్నో బళ్లకూ కాలేజీలకూ ఉన్న ‘జేవియర్’ అన్న పేరు పుట్టింది కూడా ఆ ‘కొత్తిల్లు’ లోంచే. 1542లో గోవా వచ్చిన సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్‌ది ఈ పక్కనున్న నవార్రానే.

ఇంటిపేరు! తెలుగులో అన్నేళ్లు వాడినా ఆ మాటలో ‘ఇల్లు’ ఉందని అతనికి అప్పుడే తట్టింది. ఆ పిల్ల ఉత్సాహంగా ఇంకో నాలుగు మాటలు చెప్పింది. ఎచెయా... ఇల్లు. ఎచెయాన్... ఇంట్లో. ఎచెతిక్... ఇంటినుంచి. ఎచెరా... ఇంటికి. మాటకు తోక తగిలిస్తే అర్థం మారిపోతుంది. క్రియ వాక్యం చివర్న కూర్చుంటుంది. అచ్చం మనలాగే. అలాగని చుట్టరికం కలుపుకోనక్కర్లేదు. బాస్క్‌కు లోకంలో మరే భాషతోనూ సంబంధం ఉన్నట్టు ఇంతవరకూ తేలలేదు.

బతికించుకున్న భాష

ఒంటరి భాష. దానికితోడు కష్టాలు. ఫ్రాంకో నియంతృత్వంలో పిల్లలకు బాస్క్ పేర్లు పెట్టడానికీ వీల్లేకపోయింది. చిన్నప్పుడు బళ్లో నోరుజారి ఆ భాషలో మాట్లాడితే దెబ్బలు పడేవని ముసలావిడ చెప్పింది. చేత్తో అభినయించింది కూడా. ఈ అతావున్‌లోనే పుట్టిన మతాచార్యుడు హోసే మిగెల్ బరందియారన్ ఇల్లిల్లూ తిరిగి బాస్క్ కథలూ నమ్మకాలూ రాసుకున్నాడు. అంతర్యుద్ధం వచ్చాక 1953దాకా సరిహద్దు అవతల తలదాచుకున్నాడు. 101 ఏళ్లు బతికి 1991లో కన్నుమూశాడు. పల్లెపల్లెకో మాండలికం ఉంటే 1968లో పండితులు కూర్చుని అందరికీ ఉమ్మడి రాతభాషకు దారి వేశారు. తల్లిదండ్రులు ‘ఇకస్తోలా’ పేరుతో సొంత బడులు నడుపుకున్నారు. స్పెయిన్‌లోని బాస్క్ స్వయంపాలిత ప్రాంతంలో 1991లో 16 ఏళ్లు దాటినవారిలో నూటికి 24 మందికి వచ్చిన భాష, 2021కి 36 మందికి వచ్చింది. అయితే వచ్చినవాళ్లంతా మాట్లాడటం లేదనే దిగులు ఇంకా ఉంది. బళ్లో నేర్చిన భాష ఇంట్లో వాడితేనే నిలుస్తుంది మరి.

అంతసేపూ ఆ నాయనమ్మా మనవరాలూ ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉన్నారు. గొడవ పడ్డారు. నవ్వుకున్నారు. వాళ్ల మధ్య దుబాసీ ఎవరూ లేరు. అతను పాలగ్లాసు పట్టుకుని అదే చూస్తూ కూర్చున్నాడు. చీకటి పడింది. కనుమ దాటలేదు. కిందికి దిగి అతావున్‌లోనే ఆగిపోయాడు. ఆ రాత్రి రాసినవే ఆ నాలుగు మాటలు.

ఆదివారం. తులూజ్. అమ్మకు ఫోన్ కలిపి కూతురి చేతికిచ్చి, తను కాస్త దూరంగా కూర్చున్నాడు. పిల్ల తడబడింది. నాన్నవైపు చూసింది. అతను పలకలేదు. చివరికి ఎదురుగా పళ్లెంలో ఉన్నది చూసి, ‘‘నాయనమ్మా... జున్ను తిన్నా’’ అంది.

‘‘జున్నా! ఎవరి గేదె ఈనిందే?’’

‘ఈనడం’ అంటే ఏంటో ఆ పిల్లకు తెలీదు. గేదె తెలుసు. ‘‘గేదె కాదు...’’ అని ఆగింది. గొర్రెను తెలుగులో ఏమంటారో గుర్తు రాలేదు. ‘‘మ్మే... మ్మే...’’ అంది గట్టిగా.

‘‘ఓసి నీ... గొర్రా!’’ అని ఫోన్లో పెద్దావిడ పగలబడి నవ్వింది. ‘‘గొర్రె’’ అంది మనవరాలు కూడా నవ్వుతూ. ఇంకోసారి అంది.

ఆ రోజు ఆ ఇద్దరి మధ్యా ఇంకెవరూ మాట్లాడలేదు. నోటుబుక్కులో ఆ పేజీ కిలోమీటర్లు ఇప్పటికీ అతను నింపలేదు.