చామనఛాయ వేళ్లకూ సరైన కొలత

ఆసుపత్రిలో పరికరాల బాధ్యత చూస్తూ, బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఎందుకని అడుగుతుంటారు. నాకు పరిశోధనాంశం ఇచ్చింది ఆ ఉద్యోగమే.

రోగి వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌నే తీసుకోండి. 660 నానోమీటర్ల ఎర్రని కాంతినీ, 940 నానోమీటర్ల పరారుణ కాంతినీ వేలిగుండా పంపుతుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఏ కాంతి ఎంత ఇంకిందో పోల్చి, రక్తంలో ఆక్సిజన్ శాతం చెబుతుంది. 1970లలో జపాన్ ఇంజినీరు తకువో అవోయాగి కనిపెట్టిన పద్ధతి ఇది. అయితే, ఆ రెండు కాంతులను పోల్చగా వచ్చే నిష్పత్తిని శాతంగా మార్చే లెక్క ఆరోగ్యవంతులైన వాలంటీర్ల కొలతల మీద ఆధారపడింది. ఆ వాలంటీర్లలో నల్లని చర్మం వాళ్లు తక్కువైతే? 2020లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం, పరికరం పసిగట్టలేకపోయిన ఆక్సిజన్ లోపం తెల్లవారిలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువ.

మన వార్డుల్లో చామనఛాయ వేళ్లే ఎక్కువ. పగలు నేను సరిచూసే అంకెలే రాత్రి నా థీసిస్‌లో ప్రశ్నలవుతాయి. పూర్తికాలం చదివేవాళ్లకంటే నా పని నెమ్మదే. ఎథిక్స్ కమిటీ అనుమతికీ, డేటాకూ, గైడ్‌తో చర్చకూ సెలవులు కూడబెట్టుకోవాలి. ఇంట్లోవాళ్ల సాయంత్రాలు కూడా ఇందులో ఖర్చవుతాయి. అయినా ఈ చదువు వదలను. తెర మీది అంకెను నమ్మే డాక్టరు ఆక్సిజన్ పెట్టాలా వద్దా అని నిర్ణయిస్తాడు. ఆ అంకె ప్రతి రోగికీ నిజం చెప్పేలా చూడటం ఇంజినీరు ధర్మం.